ఏడు తరాల తర్వాత ఏం చదవాలె?

చదువు రుచి మరిగిన మనిషి అడిగే మాట ఒక్కటే. "ఇదైపోయింది, ఇంకోటి ఏమన్న ఉందా?" మా కులాల చదువు చరిత్ర రాయాలంటే ఎన్ని బడులు పెట్టారు, ఎంతమంది పాసయ్యారు అన్న లెక్కలు చాలవు. ఈ మాట మా నోట ఎప్పుడు పుట్టింది, అడిగిన ప్రతిసారీ ఏం జవాబు దొరికింది, ఎక్కడ దొరకలేదు అన్నది రాయాలి. మొదటి పుస్తకం ఎవరైనా ఇస్తారు. బడి ఇస్తుంది, చర్చి ఇస్తుంది, పార్టీ ఇస్తుంది. రెండో పుస్తకాన్ని మాత్రం మనిషి తనకు తానే వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటలో మావాళ్లు ఎంత దూరం నడిచారో నేను ఒక రోడ్డు మీద నిలబడి చూశాను. ఆ రోడ్డు చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటి మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ పోతుంది. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చేవాళ్లు పట్నంలో మొదట కాలు పెట్టేది దీనిమీదే.

మేమూ అట్లనే దిగినం. మాది నల్గొండ జిల్లాలో ఒక మాదిగవాడ. నాయిన మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల బుట్టలు మోసేవాడు. 1986లో పండ్ల మార్కెట్‌ను గడ్డిఅన్నారానికి తరలించారు. మార్కెట్ వెనకాల హమాలీలు, హమాలీల వెనకాల వాళ్ల పెండ్లాం పిల్లలు వచ్చి కొత్తపేట చుట్టూ బస్తీల్లో గుడిసెలు వేసుకున్నారు. పండ్ల పెట్టెల్లో గడ్డి, దాని మీద పాత పేపర్లు పరుస్తారు. పెట్టె విప్పినంక ఆ పేపర్లను పారేస్తారు. నాయినకు అక్షరం ముక్క రాదు, కాని చినగని కాగితం కనిపిస్తే మడిచి రుమాల్ల పెట్టుకొని తెచ్చేవాడు. "పోరడు సదువుతడు" అని. వారపత్రికల సీరియళ్లు నేను అట్లా చదివాను. ఆరో వారం దొరికితే ఏడో వారం దొరకదు. ఏడు దొరికేనాటికి అది ఇంకో సీరియలై ఉండేది. కాగితాలన్నీ బత్తాయి వాసన కొట్టేవి. తర్వాత ఏమైందో తెలియని కథలు ఇప్పటికీ నా తలలో పది పన్నెండు ఉన్నాయి.

గ్రంథాలయానికి పోయి చేరుదామంటే డిపాజిట్ కట్టాలన్నారు, గెజిటెడ్ ఆఫీసరు సంతకం తెమ్మన్నారు. ఏ గ్రంథాలయమో పేరు అక్కరలేదు, అప్పుడు చాలాచోట్ల అదే తంతు. మా బస్తీలో గెజిటెడ్ ఆఫీసరు ఎక్కడుంటాడు? అక్కడే కూచొని చదువుకోవచ్చు గదా అంటారు. కూచోవచ్చు. కాని మార్కెట్‌లో పొద్దంతా పనిచేసి చెమట బట్టలతో పోయి బల్ల ముందు కూచున్నవాణ్ని పక్కనున్నవాళ్లు ఎట్లా చూస్తారో, కూచున్నవాడికే తెలుస్తుంది.

డిగ్రీలో చేరినంక నేనే దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద గోనెపట్ట పరిచి పాత పుస్తకాలు పెట్టాను. టీచరు ఉద్యోగం వచ్చేదాకా సాయంత్రాలన్నీ అక్కడే. పుస్తకాల మీద ప్రేమతో పెట్టానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గాని, బువ్వ కోసం పెట్టాను. అప్పటికే దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు. అమ్ముడుపోయేవి ఎంసెట్ గైడ్లు, గ్రూప్స్ మెటీరియల్, టైపు పరీక్ష పుస్తకాలు. వాటి నడుమ నాలుగైదు వేరే పుస్తకాలు ఇరికించేవాణ్ని. కొనే స్తోమత లేనివాళ్లకు రోజుకు అర్ధరూపాయి కిరాయి.

ఆ వేరే పుస్తకాల్లో ఎప్పుడూ ఉన్నది 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో రాసిన 'రూట్స్'ను సహవాసి కుదించి తెలుగు చేస్తే, 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ సంస్థ అప్పుడే పుట్టింది, అది వేసిన తొలి పుస్తకాల్లో ఇదొకటి. ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన కుంటా కింటే అనే పిల్లగాడి కథ. పారిపోతే పట్టుకొచ్చి పాదం సగానికి నరికారు. పేరు మార్చి టోబీ అన్నారు. వాడు మాత్రం తన పేరు తన బిడ్డకు చెప్పాడు, ఆ బిడ్డ తన కొడుక్కు చెప్పింది, అట్లా ఏడు తరాలు నిలిచింది. తెలుగు పల్లెల్లో ఈ పుస్తకం చేతులు మారినంతగా మరొకటి మారలేదని నా అంచనా. విద్యార్థి సంఘాలవాళ్లు చదివారు, టీచర్లు చదివారు. మా బస్తీలో మాత్రం వేరే రకంగా చదివారు. మాకు కూడా ఊర్లో పెట్టిన పేర్లుండేవి. "ఒరేయ్ పెద్దోడా" అని పిలిపించుకున్న మా తాతకు అసలు పేరేమిటో రేషన్ కార్డు రాయించే రోజుదాకా మా నాయినకే తెలియదు. అందుకే కుంటా కింటే పేరు కోసం దెబ్బలు తినే చోట మావాళ్లు పుస్తకం మూసి కాసేపు ఊరుకునేవాళ్లు.

మూడు రోజుల తర్వాత పుస్తకం తెచ్చిచ్చి అడిగేవాళ్లు. "అన్నా, గిసొంటిదే మనోళ్లది ఉన్నదా?"

1980ల చివర ఈ ప్రశ్నకు నా గోనెపట్ట మీద జవాబు లేదు. అమెరికా నల్లవాళ్ల ఏడు తరాలు తెలుగులో ఉన్నాయి, తెలుగు మాలమాదిగల ఒక్క తరం లేదు. చెప్పదగ్గవి రెండే. ఒకటి 'మాలపల్లి', ఇంకొకటి 'గబ్బిలం'.

'మాలపల్లి' సంగతి కొంచెం తీరిగ్గా చెప్పాలి. ఎందుకంటే ఈనాటికీ యూనివర్సిటీ సార్లు దళిత సాహిత్యం అనగానే మొదట దాన్నే చేతిలో పెడతారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు బారిస్టరు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు పోయి అక్కడ రాశారు. 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మాలదాసరి రామదాసు, అతని కొడుకులు వెంకటదాసు, సంగదాసు. సంగదాసును భూస్వామి చంపుతాడు, వెంకటదాసు తిరగబడతాడు. వంద సంవత్సరాల కింద ఒక అగ్రకులస్థుడు మాలవాణ్ని నవలకు నాయకుణ్ని చేయడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కాని చదివినవాళ్లు నా దగ్గరికి వచ్చి ఏమన్నారో కూడా రాయాలి గదా. ఒక హమాలీ కొడుకు అన్నాడు, "కొడుకును సంపితె గూడ తండ్రి గంత శాంతంగ ఎట్లుంటడన్నా? మా నాయినైతె ఉండడు." రామదాసు ఓర్పు మా ఓర్పు కాదు, మమ్మల్ని చూసి మంచివాళ్లు కోరుకునే ఓర్పు. అందుకే మాలపల్లి చదవొద్దని నేను ఎవరికీ చెప్పను. మొదట చదవొద్దంటాను. మనవాళ్లు రాసుకున్నవి నాలుగు చదివి, అప్పుడు దాని దగ్గరికి పోవాలి. అప్పుడు దాని గొప్పతనమూ తెలుస్తుంది, దాని హద్దూ తెలుస్తుంది.

'గబ్బిలం' మనదే. గుర్రం జాషువా 1941లో వేశాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, జాషువా అరుంధతీ సుతుడు గబ్బిలంతో పంపాడు, గుళ్లోకి పోనివ్వని మనిషికి గుళ్లో వేలాడే గబ్బిలమే దిక్కని. ఈ ఎత్తుగడ చెప్తే చాలు, ఎంత నిద్రమొహంవాడైనా లేచి కూచునేవాడు. పుస్తకం తెరిస్తే మాత్రం పద్యాలు. రాత్రిబడి చదువు పద్యం దగ్గర ఆగిపోయేది. జాషువాను ఒంటరిగా చదవొద్దు, పద్యం పాడగలిగినవాళ్లు పక్కనుంటే వినాలి. మా బస్తీలో పౌరాణిక నాటకాలు ఆడే పెద్దాయన ఒకడుండేవాడు. హార్మోనియం లేకుండానే రాగం తీసి పాడేవాడు. ఆయన పాడినంక పుస్తకం కిరాయికి పోయేది.

అంబేద్కర్ ఏమయ్యాడు అంటారేమో. 'కుల నిర్మూలన' 1936 నాటిది. లాహోర్‌లో జాత్‌పాత్ తోడక్ మండల్ పిలిచి, ఉపన్యాసం ముందే చదివి భయపడి సభ రద్దు చేసుకుంటే, అంబేద్కర్ సొంత ఖర్చుతో పదిహేను వందల కాపీలు అచ్చేశాడు. రెండు నెలల్లో అయిపోయాయి. మరుసటి ఏడు రెండో ముద్రణ ముందుమాటలో ఏయే భాషల్లోకి పోతున్నదో ఆయనే చెప్పాడు. గుజరాతీ, తమిళం అయ్యాయి, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళం అవుతున్నాయి. ఆ వరసలో తెలుగు లేదు. ఈ ఒక్క వాక్యం మన చరిత్రలో ఎంత పెద్ద ఖాళీనో ఆలోచించండి. 1990 చుట్టూ శతజయంతి వచ్చినప్పుడు గాని తెలుగులో అంబేద్కర్ మూటలు మూటలుగా రాలేదు.

నేనైతే కొత్తగా చదివేవాళ్లకు 'కుల నిర్మూలన' కంటే ముందు అంబేద్కర్‌దే ఇంకొక చిన్న పుస్తకం చెప్తాను. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. ఇరవై ముప్పై పేజీలు. 1901లో చిన్నపిల్లగాడుగా తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్లో దిగితే బండివాడు ఎక్కించుకోడు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకోవాలె, బండివాడు పక్కన నడుస్తాడు. సద్దిమూటలో తిండి ఉంది, తాగను నీళ్లు పుట్టవు. ఇంకో ముచ్చట 1934లో దౌలతాబాద్ కోట దగ్గరిది. దౌలతాబాద్ అప్పుడు మన నిజాం రాజ్యమే. దుమ్ము కడుక్కుందామని చెరువు నీళ్లు ముట్టుకుంటే ఒక ముసలాయన "చెరువు మైలపడింది" అని అరుచుకుంటూ వచ్చాడు. ప్రపంచమంతా చదివిన బారిస్టరు వెంట, నీళ్లు ముట్టకుండా చూడడానికి ఒక సిపాయిని పంపారు. ఇది ఇంగ్లీషులో ఉన్నా ఇంటర్ చదివిన పిల్ల చదవగలుగుతుంది. అంత సూటిగా ఉంటుంది. చదివినంక 'కుల నిర్మూలన' తీస్తే అందులోని తర్కమంతా ఏ దాహంలోంచి వచ్చిందో అర్థమవుతుంది.

అసలు మార్పు వచ్చింది నెత్తురు వల్లనే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలలను చంపి సంచుల్లో కుక్కి కాల్వల్లో వేశారు. ఆ రెండు తేదీల నడుమ, వాటి తర్వాత, రాయడం మొదలైంది. బొజ్జా తారకం 'పోలీసులు అరెస్టు చేస్తే' నా దగ్గర ఒక్క కాపీ కూడా నిలిచేది కాదు. సాహిత్యం కాదు గదా అంటారా? మార్కెట్ కాడ ప్రతి గొడవకు ముందుగా స్టేషన్‌కు పట్టుకపోయేది మమ్మల్నే అయినప్పుడు, మాకు అంతకంటే పనికొచ్చే పుస్తకం ఏముంటుంది? దాన్ని కిరాయికి తీసుకపోయినవాళ్లే మళ్లా వచ్చి కవిత్వం అడిగారు.

1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది, మరుసటి ఏడు 'పదునెక్కిన పాట'. జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ కూర్చిన 'చిక్కనవుతున్న పాట'ను హాస్టల్ పిల్లలు చేతిరాతతో నోట్‌బుక్కుల్లోకి ఎక్కించుకోవడం కండ్లారా చూశాను. జాగ్రఫీ నోట్సు వెనక పేజీల్లో దళిత కవిత్వం! కవిత్వం ముందొచ్చి జీవితకథ వెనక రావడం మన తెలుగుకు ఒక పద్ధతైంది. మరాఠీలో దయా పవార్ 'బలుత' 1978లోనే వచ్చింది. మనకు పాటుంది, పద్యముంది, "నేను" అని కూచొని తన బతుకు వచనంలో చెప్పుకునే ధైర్యం ఆలస్యమైంది. ఎందుకంటే రెక్కాడితే గాని డొక్కాడనివాడికి వచనం రాసే తీరిక ఎక్కడిది? పాటైతే పని చేసుకుంటనే కట్టొచ్చు.

1994 జూలై 7న ఈదుమూడిలో దండోర మోగినంక ఇంకో ప్రశ్న పుట్టింది. "మనోళ్లది" అంటే ఎవరిది? మా బస్తీలో మాలోళ్లు, మాదిగోళ్లు ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లు, కాని పుస్తకాల్లో మాదిగ డప్పు చప్పుడే గాని మాదిగ ఇల్లు కనిపించేది కాదు. అప్పుడు నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' (1997) వచ్చింది. ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు' (1999) వచ్చింది. తిట్టు పేరును పుస్తకానికి పేరు పెట్టుకోవడం చూసి కోచింగ్ పిల్లలు మొదట అట్ట కనిపించకుండా పేపరు చుట్టి తీసుకపోయేవాళ్లు. తెచ్చిచ్చేటప్పుడు చాలామంది ఆ పేపరు తీసేసి తెచ్చారు. ఈ రెండింట్లో ముందేది అంటే 'మల్లెమొగ్గల గొడుగు' అంటాను. నవ్వుతూ నవ్వుతూ పోయి ఒకచోట గొంతులో పడుతుంది. సుందర్రాజు రాయలసీమ మాట కొంచెం కష్టపడి చదవాలె, కాని ఆ కష్టానికి కూలి గిట్టుతుంది.

2000లో జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' వచ్చిన రోజుల్లో నా ప్రశ్నకు చివరికి జవాబు దొరికింది. రూతు అనే ముసలామె తలపోతల్లో తరం వెనక తరం. ఎన్నెలదిన్ని ఎల్లన్న వీధిభాగోతం, కరువు, వలస, మిషనరీలు, భూమి, అడవి. 'ఏడు తరాలు' చదివి "మనోళ్లది ఉన్నదా" అన్నవాళ్లు అప్పటికే ఉద్యోగాల్లో, ఊర్లల్లో చెదిరిపోయారు. అడ్రసు తెలిసినవాళ్లకు ఉత్తరం రాశాను. అదే ఏడు వేముల ఎల్లయ్య 'కక్క' వచ్చింది. మా నల్గొండ మాదిగ మాట అచ్చులో మొదటిసారి చూసి నేనే నిమ్మళంగా ఉండలేకపోయాను. ఆ మాట రానివాళ్లకు మొదటి ఇరవై పేజీలు నడవవు. గట్టిగా పైకి చదవండి, నడుస్తుంది.

ఆడపిల్లల ముచ్చట వేరు. హాస్టల్ ఆడపిల్లలు సాయంత్రం గోనెపట్ట దగ్గర నిలబడితే వార్డెన్‌కు కబురు పోయేది. ఒకామె, భువనగిరి వైపు పిల్ల, గైడు కొన్నట్టే కొని అందులో పెట్టి తీసుకపోయేది. ఆమె ఒకసారి నన్ను నిలదీసింది. "అన్నా, నువ్విచ్చిన పుస్తకాలల్ల మొగోళ్లే కొట్లాడుతరు, మొగోళ్లే సస్తరు. మా అవ్వ ఏడున్నది?" 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినవి ఒక్కచోట. ఎనభై ఏండ్లుగా రాస్తూనే ఉన్నారన్న సంగతి ఆ పుస్తకం చేతిలో పడితే గాని మాకు తెలియనివ్వలేదు ఈ సాహిత్య లోకం! తర్వాత జాజుల గౌరి 'మన్నుబువ్వ' (2004), జూపాక సుభద్ర, శ్యామల కూర్చిన 'నల్లరేగటి సాల్లు' (2006). సికింద్రాబాద్ నుంచి పోయి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరైన టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ 'నేనే బలాన్ని' (2011) కూడా శ్యామలదే. ఉద్యోగ పరీక్షలకు కూచునే ఆడపిల్లలకు నేను ముందు ఈ 'నేనే బలాన్ని' ఇస్తాను. రాజకీయాల్లో ఎట్లా మాట్లాడాలె, ఎక్కడ తగ్గొద్దు అన్నది ఏ ఇంటర్వ్యూ గైడులోనూ అంత బాగా లేదు.

ఏదో ఒక్కటే చెప్పు, ఒకే వారం టైముంది అంటే మాత్రం తడుముకోను. వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య'. 2011లో ఇంగ్లీషులో వచ్చింది, 2013లో పి. సత్యవతి తెలుగు చేశారు. చెప్పులు కుట్టి సమర్పించినందుకు నిజాం ఇచ్చిన యాభై ఎకరాల్లో దొర మిగిల్చింది రెండే ఎకరాలు. అక్కణ్నించి రైల్వే కొలువు, రైలు పట్టాల పక్క క్వార్టర్లు, కొడుకులను ఎట్లన్న చేసి ప్రొఫెసర్లను చేయాలన్న తండ్రి మొండితనం. ఈ పుస్తకంలో ఏడుపు తక్కువ, లెక్క ఎక్కువ. ఎవరు ఏం చదివారు, ఫీజు ఎవరు కట్టారు, ఎవరి చదువు కోసం ఎవరి చదువు ఆగింది. మా నాయినకు దీన్ని నేనే చదివి వినిపించాను. అప్పటికి ఆయన మూట ఎత్తడం మానేశాడు. రైలు భాగాలు మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు.

ఇంత చెప్పి, ఈ రోడ్డు అవతలి కొస గురించి చెప్పకపోతే అన్యాయం. నా గోనెపట్టకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం ఉంది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు, ఇసామియా బజారులో బడి పెట్టాడు, పత్రిక నడిపాడు. ఆయన 'వెట్టి మాదిగ' అనే కథ రాసి 1931లో తన 'భాగ్యనగర్' పత్రికలో వేశాడు. అంటే మనోళ్లది ఏమన్న ఉన్నదా అని దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలు నన్ను అడుగుతున్ననాటికి జవాబు అదే రోడ్డు మీద అరవై ఏండ్ల కిందనే అచ్చయి ఉంది! తెలంగాణ గ్రంథాలయోద్యమం అనగానే 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గురించి అందరూ రాస్తారు, రాయాల్సిందే. కాని అదే కోఠీ చుట్టుపక్కల మావాళ్లు పెట్టుకున్న బడులు, పత్రికలు ఆ చరిత్రలో పేజీ సగం కూడా కావు. ఆ కాలం తెలుసుకోవాలంటే పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో రాసిన 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' చదవాలె. హైదరాబాద్ సంస్థాన దళితోద్యమం లోపల ఉండి రాసిన మనిషి. నాయకుల తగాదాలు, అలకలు, చీలికలు ఏవీ దాచలేదు. చాలా ఏండ్లు దొరకలేదు, 2020లో మళ్లీ అచ్చేశారు. లావు పుస్తకం, మొదటిసారి చదివేవాళ్లకు ఇవ్వను. పై పుస్తకాలు నాలుగైదు అయినవాళ్లకు ఇస్తాను.

ఇప్పుడు ఫుట్‌పాత్ మీద నా చోట లేదు, పైన మెట్రో పోతున్నది. 2018 సెప్టెంబరు నుంచి ఎల్.బి.నగర్ దాకా రైలు నడుస్తున్నది. పండ్ల మార్కెట్ కూడా గడ్డిఅన్నారం విడిచి బాటసింగారం పోయింది. కోచింగ్ పిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు, నేను రిటైరైనంక కొందరు ఎల్.బి.నగర్‌లో మా ఇంటికే వస్తారు. వాళ్లలో ఒకడు మొన్న నాతో గట్టిగానే వాదించాడు. "సార్, మేం ఎస్సీలమని మాకు ఎప్పుడు ఎస్సీ పుస్తకాలే ఇస్తరెందుకు?"

ఆ మాటలో బలముంది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, కార్ల్ సేగన్ లాగా సైన్సు రాసే రచయిత కావాలనుకున్నానని ఉత్తరంలో రాసి పోయాడు. నక్షత్రాల గురించి రాయాలనుకున్న పిల్లగాడి చివరి ఉత్తరమే మిగిలింది మనకు. మనవాళ్ల పుస్తకం చదవడం ఎందుకంటే, ఎవరి ముందూ తలవంచకుండా ఏ పుస్తకమైనా చదవడానికి. ఊరి బయట వాడ కట్టినట్టు అల్మారాలో కూడా ఒక వాడ కట్టి అక్కడే ఉండమంటే నేనూ ఒప్పుకోను.

అందుకని వాడికి సేగన్ 'కాస్మోస్' ఇచ్చాను, కోఠీలో కొన్న పాత కాపీ, ఇంగ్లీషుది. నెల రోజులు ఉంచుకున్నాడు. తెచ్చిచ్చేటప్పుడు అందులో అలెగ్జాండ్రియా గ్రంథాలయం గురించి, అక్కడ గుంపు చేతిలో చచ్చిపోయిన హైపేషియా అనే గణితం పంతులమ్మ గురించి చాలాసేపు మాట్లాడాడు. చెప్పులేసుకుంటూ గుమ్మం కాడ ఆగి అడిగాడు. "సార్, ఆమె మీద తెలుగుల ఏమన్న పుస్తకం ఉన్నదా?"

వెతుకుతున్నాను.